మోకాలిలోతు సముద్రం

“పట్టడానికి వెళ్ళి, పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోకే వదిలేసి, పైగా అందుకు వందలకొద్దీ డాలర్లు ఎదురిచ్చి, వట్టి చేతులతో ఇంటికొచ్చేవాణ్ణి ఏమనాలండీ?” అని మా ఆవిడ అడిగింది.

నేను జవాబు చెప్పకుండా పేపరు మడిచి పక్కన పెట్టాను. మర్నాడు తెల్లవారుజామున ఆ పనిమీద బయలుదేరబోతున్నవాడు మా అబ్బాయి. వాడి వెంట వెళ్ళడానికి ఒప్పుకున్నవాణ్ణి నేను. ఇహ నేనేమని చెప్పేది?

ఇది 2024 మే నెల సంగతి. మా అబ్బాయి అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో, మయామీ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. మేమిద్దరం వాడి దగ్గర కొన్నాళ్ళుండి వద్దామని వెళ్ళాం. వెళ్ళిన వారానికే వాడికి పట్టుకున్న పిచ్చి బయటపడింది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే తొమ్మిదడుగుల సన్నటి కర్ర ఒకటి పుచ్చుకుని, ఎదురుగా ఉన్న పార్కులోకి వెళతాడు. అక్కడ నీళ్ళు లేవు, చేపలు లేవు, దారం చివర గాలపు ముల్లు కూడా లేదు. ఉన్నదల్లా గడ్డి. ఆ గడ్డిమీద గంటసేపు, కొరడా ఝళిపించినట్టు, ఆ దారాన్ని ముందుకీ వెనక్కీ విసురుతూ ఉంటాడు. కుక్కల్ని తిప్పడానికి వచ్చినవాళ్ళెవరూ వాణ్ణి చూసి నవ్వరు. అక్కడ అది మామూలేనట.

రెండేళ్ళుగా ఇదే సాధన. నాలుగుసార్లు పడవ మాట్లాడుకుని సముద్రం మీదికి వెళ్ళాడు. వాడికి కావలసింది “బోన్‌ఫిష్” అనే చేప. నాలుగుసార్లూ దొరకలేదు. ఇది అయిదోసారి.

“ఈసారైనా దొరికితే పులుసు పెడతాను. చింతపండు నానబెట్టనా?” అంది మా ఆవిడ.

“అమ్మా, ఆ చేపను ఇంటికి తేకూడదు. చట్టం ఒప్పుకోదు.”

“పట్టడం తప్పు కాదుగాని వండడం తప్పా! ఎవడు రాశాడురా ఆ చట్టం?” అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. చింతపండు డబ్బా మూత తీసిన చప్పుడు మాత్రం నాకు వినిపించింది.

నేను కొల్లేటి పక్క ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి. గాలం అంటే నాకు తెలియని వస్తువు కాదు. వెదురుకర్ర, దారం, బెండు, వానపాము, వీటన్నిటినీ మించి ఓపిక. ఇంతే కదా అనుకున్నాను. అబ్బాయి పెట్టె తెరిచి తన ఎరలు చూపించినప్పుడుగాని నాకు తేడా తెలియలేదు.

వాటిని వీళ్ళు “ఫ్లై” అంటారు. అంటే ఈగ. చలిదేశాల ఏటినీళ్ళలో ట్రౌట్ అనే చేపలు నీటిమీద వాలే ఈగల్ని తింటాయి. అంచేత అక్కడివాళ్ళు గాలపు ముల్లుకు ఈకలూ, వెంట్రుకలూ దారంతో చుట్టి, ఈగలా చేసి, చేపను మోసం చెయ్యడం నేర్చుకున్నారు. ఆ విద్య తరవాత సముద్రానికి దిగింది. సముద్రంలో చేపలు ఈగల్ని తినవు గదా! అయినా పేరు పోలేదు. మా అబ్బాయి పెట్టెలో ఉన్నవన్నీ నిజానికి రొయ్యలూ, పీతలూ, చిన్న చేపలూను. బఠాణీగింజంత కళ్ళు పెట్టి, బొటనవేలంత పొడుగున, గులాబి ఛాయ ఈకలతో చేసిన రొయ్య ఒకటి అరచేతిలో పెట్టాడు. ఉందా లేదా అన్నంత తేలిగ్గా ఉంది.

చిక్కంతా ఆ తేలికలోనే ఉంది. మామూలు గాలానికైతే సీసం గుండు కడతాం. గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఈకను ఎవరు మాత్రం విసరగలరు? అందుకని ఇందులో బరువంతా దారానిది. లావుపాటి దారం. దాన్ని కర్రతో వెనక్కి కొడితే గాలిలో చుట్ట విప్పుకుంటూ వెనక్కి సాగుతుంది. పూర్తిగా సాగేదాకా ఒక్క క్షణం ఆగాలి. అప్పుడు ముందుకు కొట్టాలి. దారం తన బరువుతో తాను ముందుకు పరిగెత్తి, కొసన ఉన్న ఈకల రొయ్యను చేప ముందు మెల్లిగా వాల్చాలి. “ఆ ఆగడమే నాన్నా, విద్యంతా” అన్నాడు అబ్బాయి. నేను పార్కులో ఒకసారి ప్రయత్నించాను. ఆగలేకపోయాను. దారం వచ్చి నా మెడకు చుట్టుకుంది. అప్పుడు మాత్రం కుక్కలవాళ్ళు నవ్వారు.

మేము వెళ్ళింది ఇస్లమొరాడా అనే చోటికి. మయామీకి 80 మైళ్ళు ఉంటుంది. ఫ్లోరిడా దక్షిణపు కొస నుంచి నైరుతిగా, తెగిన పూసలదండలా, సముద్రంలోకి దీవుల వరస ఒకటి పోతుంది. వాటిని “కీస్” అంటారు. స్పానిష్ భాషలో “కాయో” అంటే చిన్న దీవి. ఆ మాటే ఇలా మారిందట. ఒకవైపు అట్లాంటిక్ సముద్రం, రెండోవైపు ఫ్లోరిడా అఖాతం. దీవి నుంచి దీవికి వంతెనలు వేసి 113 మైళ్ళ రోడ్డు నడిపారు. మొత్తం 42 వంతెనలు.

ఈ రోడ్డుకు ఒక కథ ఉంది. హెన్రీ ఫ్లాగ్లర్ అనే కోటీశ్వరుడు ఈ దీవులమీదుగా కొస దాకా రైలు వేయించాడు. 1912లో మొదటి రైలు కీ వెస్టు చేరింది. 1935 సెప్టెంబరు 2న పెద్ద గాలివాన వచ్చి, ఇస్లమొరాడా దగ్గర, జనాన్ని తరలించడానికి వచ్చిన రైలునే పట్టాలమీంచి కొట్టిపారేసింది. 1964లో ధనుష్కోటి దగ్గర మన రైలుకు పట్టిన గతి నాకు గుర్తొచ్చింది. తరవాత ఇక్కడ రైలు వెయ్యలేదు. ఆ వంతెనలమీదే రోడ్డు వేసి 1938లో తెరిచారు. ఆ రైలు ఉన్న రోజుల్లోనే లాంగ్ కీ అనే దీవిలో గాలాలవాళ్ళ విడిది ఉండేది. జేన్ గ్రే అనే నవలా రచయిత అక్కడికి చేపలకోసం వచ్చేవాడు. ఆ విడిదీ 1935 గాలివానలోనే పోయింది. బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ ఇస్లమొరాడాలో ఏళ్ళ తరబడి కాపురమే పెట్టాడు. అధ్యక్షుడుగా చేసిన పెద్ద బుష్ కూడా ఈ బోన్‌ఫిష్‌కోసం వచ్చేవాడు. అంతటివాళ్ళకు పట్టిన పిచ్చి మావాడికి పట్టడంలో వింతేముంది అని కొంచెం సమాధానపడ్డాను.

తెల్లవారే సరికి రేవులో పడవ సిద్ధంగా ఉంది. పడవవాణ్ణి అక్కడ కాప్టెన్ అంటారు. యాభై ఏళ్ళ మనిషి. ఎండకు వాడిపోయిన ముఖం. ముక్కుమీదా పెదవులమీదా తెల్లటి మందు. “గుడ్ మార్నింగ్” అన్నాక అరగంట వరకు ఇంకో మాట లేదు.

పడవ పదిహేడు పద్ధెనిమిది అడుగులుంటుంది. అడుగు లోతు నీళ్ళుంటే చాలు, తేలుతుంది. వెనక ఇంజను ఉంది. చోటు దగ్గరపడ్డాక ఇంజను ఆపేశాడు. ఇంజనుమీద మంచెలా ఒక చిన్న బల్ల అమర్చి ఉంది. దానిమీదికెక్కి, ఇరవై అడుగుల గడకర్ర తీసి, నేలకు ఆనించి తొయ్యడం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది మా కొల్లేటి దోనె నడిపే పద్ధతే! కొల్లేటిలో అయితే తాటిదోనె, వెదురుగడ. ఇక్కడ ఆ గడ కార్బను నారతో చేసిందట. చప్పుడు చెయ్యకుండా గడ దించడం, ఎత్తేటప్పుడు నీటిచుక్క రాలకుండా ఎత్తడం, అంతా అదే. ఆ మాట నేను చెబితే కాప్టెన్ మొదటిసారి నావైపు చూసి తల ఊపాడు.

ఈ దీవుల చుట్టూ సముద్రం సముద్రంలా ఉండదు. మైళ్ళకు మైళ్ళు మోకాలిలోతు నీళ్ళు. అడుగున తెల్లటి ఇసుక, కొన్నిచోట్ల బురద, కొన్నిచోట్ల పచ్చగడ్డి మేసిన పొలంలా సముద్రపు గడ్డి. నీళ్ళు గాజులా ఉంటాయి. పోటు వచ్చినప్పుడు లోతునుంచి చేపలు ఈ మెరకమీదికి మేతకు వస్తాయి. పాటు మొదలవగానే వెనక్కి వెళ్ళిపోతాయి. అంటే ఇక్కడ గాలం వేసి కూర్చోవడం కాదు. నడిచే చేపను కంటితో వెతికి, చూసి, దాని ముందు ఎర వెయ్యాలి. వేట అన్నమాట.

అందుకే వీళ్ళకు చేప కంటె ముందు గాలీ, ఎండా, పోటూ కావాలి. ఈ మూడింటినీ చూసే తీరు నాకు మన పల్లెల్లో వాన కోసం ఆకాశం చూసే రైతును గుర్తు చేసింది. సూర్యుడు బాగా పైకి ఎక్కితేగాని నీటి అడుగు కనిపించదు. మబ్బు పడితే నీళ్ళు తగరపు రేకులా మెరిసి, కళ్ళు కట్టేసినట్టే. నల్ల కళ్ళద్దాలు ప్రత్యేకంగా చేసినవి పెట్టుకుంటారు. అవి నీటి తళుకును కోసేస్తాయి. నాకూ ఒక జత ఇచ్చారు. పెట్టుకోగానే పడవ కింద సముద్రం మాయమై, ఇసుకమీద పీత నడిచిన గీతలు కనిపించాయి.

ఇక గాలి. అక్కడ మామూలుగా ఆగ్నేయపు గాలి. గంటకు పది మైళ్ళు ఉంటే మంచిదే. నీళ్ళు కొద్దిగా చెదిరి మనుషుల్ని చేప పసికట్టదు. ఇరవై దాటితే ఈకలు ఎటు పోతాయో చెప్పలేం. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ భుజం వైపునుంచి గాలి రావాలి. కుడివైపునుంచి వస్తే ముల్లు వచ్చి చెవికి గుచ్చుకుంటుంది. చలికాలంలో ఉత్తరాన చలిగాలి లేచేముందు గాలి దక్షిణానికి, అక్కణ్ణుంచి పడమటికి తిరుగుతుందట. అది చూసి కాప్టెన్లు మర్నాటి బేరాలు మానుకుంటారు.

పోటు సంగతి ఇంకా తమాషా. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువని మనకూ తెలుసు. కాని ఇక్కడ దీవికి ఒకవైపు నీళ్ళు పొంగిన కొన్ని గంటలకుగాని రెండోవైపు పొంగవు. సముద్రం వైపు నుంచి ఇరుకు కాలవల్లోంచి తోసుకుని నీళ్ళు అఖాతంలోకి చేరాలి గదా! అఖాతం లోపలి భాగాల్లో పోటూ పాటూ దాదాపు ఉండవు. అంచేత తెలిసినవాడు పొద్దున ఒకవైపు, మధ్యాహ్నం రెండోవైపు, నీళ్ళను వెంబడిస్తూ తిరుగుతాడు. గైడుకు ఇచ్చే డబ్బు పడవకు కాదు, ఈ లెక్కకు. ఆ సంగతి నాకు సాయంత్రానికి అర్థమైంది.

పొద్దున సముద్రం వైపు టార్పన్ కోసం కాచాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అవి ఈ తీరం వెంట బారులు కట్టి ప్రయాణం చేస్తాయి. ఒక్కొక్కటి మనిషంత పొడుగు. వంద పౌన్ల చేప ఇక్కడ వింత కాదు. ఈ ఈకల ఎరతో పట్టినవాటిలో రికార్డు చేప 202 పౌన్ల 8 ఔన్సులు తూగింది. అది 2001లో ఇదే రాష్ట్రపు పడమటి తీరాన హోమోసాసా దగ్గర దొరికింది. టార్పన్‌కు ఒక విశేషం ఉంది. అది నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది. వెండిపళ్ళెం తిరగేసినట్టు వీపు తళుక్కుమనిపించి, గుక్క తాగి, దిగిపోతుంది.

అబ్బాయి పడవ ముందుభాగాన కర్ర పుచ్చుకుని నిలబడ్డాడు. నేను మధ్యలో, కదలకుండా, ఊపిరి బిగబట్టి.

“పదకొండు గంటలు! యాభై అడుగులు!” అని కాప్టెన్ గట్టిగా గుసగుసలాడాడు.

నేను వాచీ చూసుకుని, “కాదండీ, ఎనిమిదిన్నరే అయింది” అన్నాను.

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. పడవ ముక్కు పన్నెండు గంటలనుకుంటే, గడియారం ముల్లు లెక్కన చేప ఎటువైపుందో చెప్పడం వాళ్ళ పరిభాష. నేను వాచీ చూసుకుంటున్నంతలో అయిదు నల్లటి దుంగలు, ఒకదానివెంట ఒకటి, పడవ ముందునుంచి సాగిపోతున్నాయి. అబ్బాయి విసిరాడు. ఎర మొదటి దుంగకు రెండడుగుల ముందు పడింది. చిన్నగా, చిన్నగా లాగాడు. రెండోది బారు వదిలి ఎరవెంట వచ్చింది. బక్కెట్టంత నోరు తెరవడం నేను స్పష్టంగా చూశాను.

తరవాత జరిగింది చెప్పడానికి పట్టినంతసేపు కూడా జరగలేదు. ఆ వెండి చేప నీళ్ళలోంచి మొత్తంగా పైకి లేచి, గాలిలో మెలిదిరిగి, పొలుసులు గలగలలాడించి, బండరాయిలా పడింది. “వంగు! వంగు!” అని కాప్టెన్ అరిచాడు. చేప ఎగిరినప్పుడల్లా మనిషి ముందుకు వంగి కర్ర దించి, దారం వదులు చెయ్యాలి. లేకపోతే దాని బరువుకు దారం తెగుతుంది. “రాజుగారికి దణ్ణం పెట్టడం” అంటారు వాళ్ళు. అబ్బాయి రెండుసార్లు దణ్ణం పెట్టాడు. మూడోసారి పెట్టబోయేలోపలే ముల్లు ఊడిపోయింది. వాడు నవ్వుతూనే ఉన్నాడు. టార్పన్ వాడి లెక్కలో లేదు. వాడి మనసంతా బోన్‌ఫిష్ మీదే.

పదిన్నరకు మబ్బులు కమ్మాయి. నీళ్ళు రేకులైపోయాయి. పడవను మడచెట్ల నీడకు చేర్చి రొట్టెలు తిన్నాం. అప్పుడు కాప్టెన్ కొంచెం నోరు విప్పాడు. వాళ్ళ నాన్న కూడా ఇదే పని చేసేవాడట. ఆ రోజుల్లో ఇస్లమొరాడా రేవునుంచి చూస్తే బోన్‌ఫిష్ తోకలు కనిపించేవని చెప్పాడు. ఆ చేప తల దించి ఇసుకలో పీతల్ని తవ్వుకునేటప్పుడు తోక నీటిపైకి వచ్చి, ఎండలో అద్దంలా మెరుస్తుంది. మామూలుగా నాలుగయిదు పౌన్ల చేప. ముళ్ళు ఎక్కువ. తినడానికి ఎవరూ ఆశపడరు. దాని గొప్పంతా దాని భయంలోనూ, దాని పరుగులోనూ ఉంది.

1980ల తరవాత అది తగ్గుతూ వచ్చింది. కారణం ఒకటని చెప్పలేం. 1987లోనూ, మళ్ళీ 2015లోనూ అఖాతంలో వేల ఎకరాల సముద్రపు గడ్డి చచ్చిపోయింది. ఉత్తరాన ఉన్న చిత్తడినేలల నుంచి రావలసిన మంచినీళ్ళను ఎప్పుడో కాలవలు తవ్వి మళ్ళించారు. వానలు తక్కువైన ఏడు అఖాతం నీళ్ళు సముద్రం కంటె ఉప్పెక్కి, వేడెక్కి, గడ్డికి ఊపిరాడలేదు. కొల్లేటి గట్లూ చెరువులూ చూసినవాణ్ణి కనక ఇందులో నాకు కొత్తేమీ కనిపించలేదు. 2010 జనవరిలో చలి ఎన్నడూ లేనంతగా వచ్చి, మెరకల్లో నీళ్ళు 50 డిగ్రీల దరిదాపులకు దిగిపోయాయి. అది మన సెంటిగ్రేడులో 10. బోన్‌ఫిష్, టార్పన్, మన పండుగప్పను పోలిన స్నూక్ చేపలు ఒడ్డున గుట్టలు పడ్డాయి. అదలా ఉంటే, 2023 జులై 24న ఇస్లమొరాడాకు ఉత్తరాన మనాటీ బే అనే చోట నీటిలో పెట్టిన యంత్రం 101.1 డిగ్రీలు చూపించింది. జ్వరం వచ్చిన మనిషి ఒళ్ళు! ఆ వేసవిలో పగడపు దిబ్బలు తెల్లగా పాలిపోయాయి.

“ఈ ఏడు మొదట్లో ఇంకోటి చూశాం” అన్నాడు కాప్టెన్. కీస్ దక్షిణ భాగంలో చేపలు తిరగలిలా గిరగిర తిరుగుతూ కనిపించాయట. రంపంలాంటి మూతి ఉన్న సాఫిష్ అనే అరుదైన పెద్ద చేపలు 50కి పైగా చచ్చాయి. అడుగున గడ్డిని అంటిపెట్టుకుని పెరిగే ఒకరకం సూక్ష్మజీవుల విషం అందుకు మూలమని పరిశోధకులు అనుమానించారు. కాప్టెన్ అదంతా ఫిర్యాదులా చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం గురించి అడిగితే చెప్పినట్టు చెప్పాడు. బోన్‌ఫిష్ ఈ మధ్య ఏళ్ళలో చిన్నవి మళ్ళీ గుంపులుగా కనిపిస్తున్నాయన్నప్పుడు మాత్రం గొంతు కాస్త మారింది.

ఆ రాష్ట్రంలో బోన్‌ఫిష్‌ను పడితే వదిలెయ్యాల్సిందే. టార్పన్ సంగతీ 2013 నుంచి దాదాపు అంతే. రికార్డుకోసం ఉంచుకోవాలంటే ముందుగా 50 డాలర్లిచ్చి చీటీ తీసుకోవాలి. నలభై అంగుళాలు దాటినదాన్ని నీళ్ళలోంచి పైకి ఎత్తకూడదు కూడా. ఊళ్ళో హోటళ్ళూ, పడవలూ, గాలాల దుకాణాలూ ఆ చేప మీదే బతుకుతున్నాయి. చచ్చిన చేప ఒక్కపూట కూరకైనా పనికిరాదు. బతికినది ఎన్నిసార్లయినా కూలి తెచ్చిపెడుతుంది. మా ఆవిడకు చెప్పవలసిన జవాబు ఇదే కాబోలు అనుకుని, మనసులో వల్లెవేసుకున్నాను.

రెండు గంటలకు మబ్బు విచ్చింది. అఖాతం వైపు పోటు ఎక్కడం మొదలైంది. మడచెట్ల దీవి పక్కన, ముంజేయంత లోతు నీళ్ళలో, కాప్టెన్ గడ ఆపి, వేలు చూపించాడు. నాకేమీ కనిపించలేదు. చాలాసేపటికి, చిన్న అద్దం ముక్క తళుక్కుమన్నట్టు, ఒకటి. దాని పక్కన ఇంకొకటి. తోకలు!

అబ్బాయి కాళ్ళు వణకడం వెనకనుంచి చూశాను. కర్ర వెనక్కి వెళ్ళింది. నా అంతట నేనే గొణుక్కున్నాను, “ఆగరా, ఆగు.” ఆగాడు. దారం పూర్తిగా సాగింది. ముందుకు కొట్టాడు. గులాబి రొయ్య తోకలకు నాలుగడుగుల అవతల చప్పుడు లేకుండా వాలింది. ఒక్కసారి లాగాడు. తోక మాయమైంది. నీటిమీద చిన్న ఉబ్బు ఎరవైపు వచ్చింది. దారం బిగిసింది.

వందగజాలు! అంత దారమూ కంటిముందే చుట్టలోంచి అరుస్తూ పోయింది. అంత చిన్న చేప అంత దూరం, అంత వేగంగా ఎలా పోగలదో నాకు ఇప్పటికీ తెలియదు. అబ్బాయి కర్ర నెత్తిమీదికెత్తి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తరవాత కొంచెం కొంచెంగా చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చేప యాభై గజాల దూరానికొచ్చింది. నేను ఫోటోకోసం ఫోను తీశాను.

“సొర” అన్నాడు కాప్టెన్.

ఎడమవైపు మెరక అంచునుంచి పసుపుపచ్చటి నీడ ఒకటి వస్తున్నది. లెమన్ షార్క్ అంటారు దాన్ని. ఆరడుగులుంటుంది. తొందరేమీ లేదు దానికి. అలిసిన చేప కొట్టుకునే అదురు నీళ్ళలో దానికి తెలుస్తుందట. బోన్‌ఫిష్ కూడా దాన్ని పసికట్టింది. మళ్ళీ పరుగు మొదలుపెట్టింది. కాని దారం దాన్ని పట్టి ఉంచింది.

“త్వరగా లాగేస్తే?” అన్నాడు అబ్బాయి.

“యాభై గజాలుంది. సొరకు పదిహేను. తెంపెయ్యి. ఇప్పుడైతే దానికి ఇంకా బలముంది.”

అబ్బాయి నావైపు తిరిగాడు. చిన్నప్పుడు పరీక్షల జాబితాలో తన నెంబరు కనిపించనప్పుడు ఇలాగే చూశాడు. ఏం చెప్పను? నాకు తెలిసిన చేపల విద్యలో పట్టినదాన్ని తెంపుకోవడం లేదు. నోరు పెగల్లేదు నాకు.

వాడు కర్రను సూటిగా చేపవైపు దించాడు. చుట్టను అరచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. దారం ఒక్క క్షణం తీగలా బిగిసి, పుటుక్కుమంది. బాణంలా ఒక గీత మడచెట్ల వేళ్ళవైపు పోయింది. సొర దానివెంట తిరిగింది. మడవేళ్ళ దగ్గర నీళ్ళు ఒకసారి కలకబారాయి. మళ్ళీ తేటపడ్డాయి. సొర మెల్లిగా లోతువైపు వెళ్ళిపోయింది. తిన్నదో తినలేదో ఎవరికీ కనిపించలేదు.

“తప్పించుకుని ఉంటుంది. ముల్లుకు కొక్కెం లేదు గదా, సాయంత్రానికి ఊడిపోతుంది” అన్నాడు కాప్టెన్.

“ఇది పట్టినట్టు లెక్కేనా?” అని నేనే అడిగాను.

కాప్టెన్ అబద్ధం చెప్పలేదు. “కాదు. చివరి దారమైనా చేతికి తగలాలి.”

ఇంకో గంట తిరిగాం. తోకలు కనిపించలేదు. రేవుకు తిరిగి వస్తుండగా, నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, కాప్టెన్ నాకు ఒక కర్ర ఇచ్చి లోతు కాలవలో విసిరించాడు. నా ఎర పదిహేనడుగులు కూడా పోలేదు. అయినా, మన పార చేపకు దాయాది అయిన జాక్ ఒకటి, జానెడుది, కళ్ళు మూసుకుని వచ్చి తగులుకుంది. ఆ రోజు పడవలో చెయ్యి తడిపిన చేప అదొక్కటే. ఫోటో తీసి వదిలేశాం. ఫోటోలో నేను మా అబ్బాయి పెళ్ళినాడు నవ్వినంతగా నవ్వుతున్నాను. వాడు పక్కన దారం చుట్టుకుంటున్నాడు.

కారులో ముప్ఫయి మైళ్ళదాకా వాడు మాట్లాడలేదు. తరవాత, “వచ్చే పున్నమి ఏ తారీకు నాన్నా?” అన్నాడు.

దారిలో చేపల దుకాణం ఒకటి కనిపిస్తే కారు ఆపించాను. ఆ తీరంలో అందరూ తినే ఎల్లోటెయిల్ స్నాపర్ రెండు కొన్నాను. ఇంటికొచ్చేసరికి చింతపండు గుజ్జు తీసి సిద్ధంగా ఉంది.

“ఇవేనా పట్టినవి?” అంది మా ఆవిడ సంచీ విప్పుతూ.

“కావు. ఇవి కొన్నవి.”

“మరి పట్టింది?”

జరిగిందంతా చెప్పాను. సొర సంగతి చెబుతుంటే గరిటె ఆగింది. అబ్బాయి స్నానాలగదిలో ఉన్నాడు. నీళ్ళ చప్పుడు వినిపిస్తున్నది.

“చివరికి దాని నోట్లో పడలేదు గదా?”

“పడలేదనే కాప్టెన్ అన్నాడు.”

“ఆయన సంగతి కాదు. మీరు చూశారా?”

“చూడలేదు.”

ఆవిడ ఇంకేమీ అడగలేదు. పులుసు దించి, నడుముముక్కలు రెండు ఏరి వాడి కంచంలో వేసింది. నాకు తలకాయ వచ్చింది.